నడిమి పేజీలు దాటించడం: బెంగళూరు ఐదో తరగతిలో పూర్తి పుస్తకం చదివించిన పద్ధతి

బెంగళూరు తూర్పున, కె.ఆర్.పురం, మారతహళ్ళి మధ్య ఉన్న ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడి. ఐదో తరగతిలో ఒక సెక్షన్, 36 మంది. సగానికి పైగా తెలుగు ఇళ్ళ పిల్లలే. అనంతపురం, చిత్తూరు, కడప వైపు నుంచి వచ్చిన కుటుంబాలు కొన్ని. కోలారు జిల్లాలో తరతరాలుగా తెలుగు మాట్లాడేవాళ్ళు కొందరు. ఐటీ ఉద్యోగాల కోసం కోస్తా నుంచి వచ్చినవాళ్ళు ఇంకొందరు. చదువంతా ఇంగ్లీషులో, రెండో భాష కన్నడం, మూడోది హిందీ. తెలుగు ఇంట్లో మాట్లాడటానికే.

టీచర్లూ తల్లిదండ్రులూ చెప్పే ఫిర్యాదు ఒకటే: "పిల్లలు పుస్తకం ముట్టుకోరు." లైబ్రరీ పీరియడ్‌లో కూర్చుని చూస్తే ఆ మాట నిలబడలేదు. తోసుకుంటూ వచ్చి తీసుకుంటారు, మొదటి పది పదిహేను పేజీలు చదువుతారు కూడా. ఆపైన ఆగిపోతుంది. వాపసు వచ్చిన పుస్తకాన్ని అంచుల వైపు నుంచి చూస్తే చాలు. ముందు పేజీల అంచులు నలిగి, వేళ్ళ మసి పట్టి ఉంటాయి. వెనక సగం షాపులోంచి ఇప్పుడే తెచ్చినంత తెల్లగా ఉంటుంది. కాబట్టి ఇక్కడ పిల్లలకు చదవడం మీద ఇష్టం కలిగించాలన్న ఊసే ఎత్తలేదు. మొదలైన పుస్తకం నడిమి పేజీల్లో ఎందుకు చచ్చిపోతోంది, అక్కడ దాన్ని ఎలా దాటించాలి అన్నదే పని.

ముందు లెక్క

ఈ వయసుకు సరిపడే చాప్టర్ పుస్తకం 64 పేజీలు అనుకుందాం. బొమ్మలూ ఖాళీలూ పోను మాటలున్నవి 56 పేజీలు, పేజీకి సుమారు 140 పదాలు. మొత్తం 7,840. మూడో తరగతి చివరికి నిమిషానికి కనీసం 60 పదాలు చదవాలని 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యం పెట్టింది. ఐదో తరగతికి 80 వేసుకుంటే పుస్తకం మొత్తానికి 98 నిమిషాలు. తెలుగు సినిమా ఇంటర్వెల్ దాటి కాసేపు నడిచేలోపు పుస్తకం అయిపోవాలి.

వారానికి 40 నిమిషాల లైబ్రరీ పీరియడ్ ఉంది. అయినా అవదు. వరుస కట్టి లైబ్రరీకి నడవడం, పాతవి అప్పజెప్పడం, కొత్తవి రిజిస్టర్లో రాయించుకోవడం, మళ్ళీ వరుస కట్టడం పోను చదువుకు మిగిలేది 20 నిమిషాలు. అంటే ఐదు వారాలు. మధ్యలో ఒక యూనిట్ టెస్టు, ఒక పండగ పడితే ఏడు. ఈ మంగళవారం 14వ పేజీలో వదిలిన కథను వచ్చే మంగళవారం తెరిస్తే ఎవరు ఎవరికి తమ్ముడో గుర్తుండదు. వెనక్కి తిప్పి చూసుకునేలోపు గంట కొడతారు. మూడో వారానికి పిల్ల "బోర్" అంటుంది. నిజానికి దారం తెగింది, అంతే. పెద్దవాళ్ళు దానికి ఆసక్తి లేదని పేరు పెట్టి ఇంకా రంగులున్న పుస్తకం కొనిస్తారు. అదీ 14వ పేజీలోనే ఆగుతుంది.

ఈ లెక్క టైంటేబుల్ వేసేవాళ్ళ ముందు పెట్టాకే మిగతా మార్పులు వీలయ్యాయి. ఉపన్యాసాల కన్నా ఇది బాగా పనిచేస్తుంది.

టైంటేబుల్, పుస్తకాలు

లైబ్రరీ పీరియడ్‌ను రెండు ఇరవైలుగా విరిచి, ఇంగ్లీషు వర్క్‌బుక్ పీరియడ్ల నుంచి ఇంకో రెండు ఇరవైలు తీసుకున్నారు. వారానికి రెండు ప్యాసేజీ వర్క్‌షీట్లు ఉన్నచోట ఒకటి మిగిలింది. మంగళ, బుధ, గురు, శుక్ర: నాలుగు రోజులు వరుసగా. సోమవారం అసెంబ్లీ సాగుతుంది, శనివారం ఒంటిపూట, కాబట్టి ఆ రెండూ వద్దు. వరుసగా ఉండటమే ముఖ్యం. సోమ, బుధ, శుక్ర అని పంచితే చూడటానికి పద్ధతిగా ఉంటుంది గానీ దారం మళ్ళీ తెగుతుంది.

పిల్లలు లైబ్రరీకి పోరు, పుస్తకాలే తరగతికి వస్తాయి. ఇద్దరు పిల్లలు మోయగల రెండు ప్లాస్టిక్ బుట్టలు చాలు. ఆరు పుస్తకాలు, ఒక్కోటి ఏడు కాపీలు, మొత్తం 42. ఆరేసి పిల్లల ఆరు జట్లు. ఏడో కాపీ దేనికంటే, రోజూ ఎవరో ఒకరు పుస్తకం ఇంట్లో మరిచి వస్తారు. ఒక పుస్తకానికి ఒక రౌండు, అంటే రెండు వారాలు, ఆరు రౌండ్లకు పన్నెండు. జట్లను మార్కుల్ని బట్టి కట్టలేదు. రౌండు మొదలయ్యే ముందు శుక్రవారం టీచర్ ఒక్కో పుస్తకం మొదటి రెండు మూడు పేజీలు పైకి చదివి, కథలో చిక్కు పడిన చోట ఆపేస్తుంది. పిల్లలు మొదటి ఇష్టం, రెండో ఇష్టం రాసిస్తారు. ప్రతి రౌండుకూ మళ్ళీ ఎంపికే.

ఒకే పుస్తకం ఆరుగురు చదవడం వల్ల వచ్చే లాభం తరగతిలో కన్నా స్కూలు వ్యానులో ఎక్కువ. "వాడు ఇంకా దొరకలేదా?" "నువ్వు ఎక్కడున్నావ్, చెప్పను పో" లాంటి మాటలు నడుస్తాయి. వేరే వేరే పుస్తకాలు చదివే పిల్లలు వాటి గురించి మాట్లాడుకోరు, మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు. వ్యానులోనే చదివించొచ్చు కదా, ట్రాఫిక్‌లో ముప్పావుగంట పోతోంది అని కొందరు తండ్రులు అడుగుతారు. కుదుపులకు తల తిరుగుతుంది, కొందరికి వాంతులు కూడా. వ్యాను మాట్లాడుకోవడానికే.

పుస్తకాలు ఎంచేటప్పుడు చూసినవి: అధ్యాయం ఆరు పేజీలకు మించకూడదు, గుర్తుంచుకోవాల్సిన పేర్లు ఐదు దాటకూడదు, మూడు నాలుగు పేజీలకు ఒక బొమ్మ ఉండాలి. పెద్ద నవలల్ని వంద పేజీలకు కుదించిన పుస్తకాలు పూర్తిగా పక్కన పెట్టేశారు. పుట్టినరోజులకు ఎక్కువగా కొనేవి అవే. వాటిలో సన్నివేశాలు పోయి పేర్లు మాత్రం మిగులుతాయి. పెద్దవాళ్ళకే నలభయ్యో పేజీ దాటడం కష్టం. కామిక్కులకు అభ్యంతరం లేదు, 32 పేజీల కామిక్కు మొదటి నుంచి చివరిదాకా చదివితే అదీ పూర్తి పుస్తకమే.

ఐదు వేళ్ళ పరీక్ష చాలామందికి తెలిసిందే: ఒక పేజీలో తెలియని మాటకు ఒక వేలు మడవాలి, ఐదూ మడిస్తే పుస్తకం కష్టం. అయితే దాన్ని మొదటి పేజీ మీద చేయిస్తే మోసపోతాం. మొదటి పేజీని రాసినవాళ్ళు జాగ్రత్తగా, తేలిగ్గా రాస్తారు. నడుమ తెరిచి చేయించాలి.

బైండింగు కూడా చూసుకోవాలి. జిగురుతో అతికించిన పుస్తకం మూడో రౌండుకే పేజీలు ఊడిపోతుంది. మధ్యలో పిన్ను కొట్టినవీ దారంతో కుట్టినవీ ఏడాది నిలుస్తాయి.

పుస్తకాలు ఇంటికి పంపడం మీద బడి యాజమాన్యం బెట్టు చేసింది. పోతే ఎవరు కడతారు? గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్.రంగనాథన్ 1931లో ప్రకటించిన ఐదు గ్రంథాలయ సూత్రాల్లో మొదటిదే పుస్తకాలు వాడకానికి అని. ఆయన 1962లో ఇదే ఊళ్ళో గ్రంథాలయ శాస్త్రానికి పరిశోధన కేంద్రం కూడా పెట్టారు. బడి బీరువాలకు ఆ కబురు ఇంకా అందినట్టు లేదు. చివరికి కుదిరిన ఒప్పందం: పోయిన పుస్తకానికి డబ్బు వసూలు చేయరు, ఏడో కాపీతో సర్దుతారు. డబ్బు కట్టాలన్న భయం ఉన్న ఇళ్ళలో అమ్మ పుస్తకాన్ని సంచిలోంచి బయటికే తియ్యనివ్వదు.

ఇరవై నిమిషాల్లో ఏం జరుగుతుంది

పంచడానికి రెండు నిమిషాలు. పక్కనున్న జట్టు నేస్తంతో "ఇప్పటిదాకా ఏమైంది" చెప్పుకోవడానికి మూడు. మౌనంగా చదవడానికి పదమూడు. చీటీ రాయడానికి రెండు. ఇంట్లో నాలుగు రాత్రులు పదిహేనేసి నిమిషాలు. కలిపితే వారానికి 112 నిమిషాలు, రౌండుకు 224. నిమిషానికి 80 పదాలు చదివే పిల్ల మొదటి వారంలోనే ముగించి ఇంకోటి తీసుకుంటుంది. 35 పదాలే చదవగలిగే పిల్లాడు కూడా రెండో శుక్రవారానికి సరిగ్గా చివరి పేజీకి చేరతాడు.

చీటీ అంటే ఏ4 చార్టు కాగితాన్ని నాలుగు నిలువు పట్టీలుగా కోసినది, 7.4 సెంటీమీటర్ల వెడల్పు, 21 సెంటీమీటర్ల పొడవు. బుక్‌మార్కూ అదే, లెక్కా అదే. మూడు గడులు: తేదీ, పేజీ, ఒక్క మాట. ఆ ఒక్క మాట కథలో ఆగిన చోటును గుర్తు చేసేది: "బావి", "తాళం పోయింది", "మామ అబద్ధం". మర్నాడు పేజీ తెరిచే ముందు పిల్ల ఆ మాట చూస్తుంది, కథ తిరిగొస్తుంది. రెండు వాక్యాలు రాయమంటే అది హోంవర్కు అయిపోతుంది.

ఆగే చోటు కూడా నేర్పాల్సిందే. పిల్లలు సహజంగా అధ్యాయం చివర ఆపుతారు, అక్కడే పుస్తకం మూసేసి మరిచిపోవడం తేలిక. కొత్త అధ్యాయంలో రెండు పేరాలు చదివి, ఏదో మొదలయ్యాక ఆపమని చెప్పాలి.

నడుమ చేసే పని

ఈ మొత్తం ఏర్పాటులో ఒక్కటి తప్ప ఏదీ మిగలదంటే ఉంచాల్సింది ఇది. జట్టు పుస్తకంలో సగానికి వచ్చేసరికి టీచర్ ఆ ఆరుగురి దగ్గర కింద కూర్చుని ఒక నడిమి అధ్యాయాన్ని మెల్లగా పైకి చదువుతుంది. మిగతా ముప్పై మంది తమ పాటికి తాము చదువుకుంటారు. రౌండుకు ఎనిమిది పీరియడ్లు, ఆరు జట్లు. మొదటి పీరియడు ఎవరికీ లేదు, రెండో పీరియడు నుంచి రోజుకో జట్టు. చివరి పీరియడు వెనకబడిన ఒకరిద్దరి పక్కన కూర్చోవడానికి.

పైకి చదివిన అధ్యాయం మూడు పనులు చేస్తుంది. వెనక ఉన్నవాళ్ళు ఒక్క దూకుతో అందరి దగ్గరికి వస్తారు. మధ్యలో వాళ్ళు దాటేసిన నాలుగు పేజీలను టీచర్ రెండు ముక్కల్లో చెప్పేస్తుంది, తప్పేం లేదు. ముందున్నవాళ్ళు రెండోసారి వింటూ తాము గమనించని సంగతి పట్టుకుంటారు. అన్నిటికన్నా ముఖ్యంగా పాత్రలకు గొంతులు వస్తాయి. ఆ గొంతులతో మిగతా సగం చదువుకుంటారు.

పేర్లతో తికమక ఉంటే పుస్తకం లోపలి అట్టకు చిన్న కాగితం అంటించి, ఎవరు ఎవరో జట్టు చేతనే రాయించాలి. వర్ణనలు వదిలేసి ముందుకు పోతే పోనివ్వాలి. చివరి పేజీ ముందే చదివేసినా కొంపలేం మునగవు, ఎలా అక్కడికి చేరారో చూడ్డానికి చదివే పిల్లలూ ఉంటారు.

నచ్చని పుస్తకం వదిలేసే హక్కు ఉంది. 20 పేజీలు చదివాక, రౌండులో ఒకసారి. అడిగిన రోజే మార్చాలి. "వచ్చే వారం చూద్దాం" అంటే ఆ వారమంతా చేతిలో పుస్తకం లేని వారమే. అదే పిల్ల వరుసగా రెండు రౌండ్లు మార్పు అడిగితే సమస్య పుస్తకంలో లేదు. పక్కన కూర్చోబెట్టుకుని అర పేజీ చదివించుకుంటే తెలుస్తుంది.

చదువుతున్నట్టు నటించేవాళ్ళు ఉంటారు. మూడు నిమిషాలైనా పేజీ తిరగదు, లేకపోతే చీటీలో 12 తర్వాత 41 వస్తుంది. నిలదీయకూడదు. "ఈ పేజీ నాకు చదివి వినిపించు" అంటే చాలు. అక్షరాలు కూడబలుక్కునే పిల్లలు అక్కడ బయటపడతారు. వాళ్ళకు ఈ ఏర్పాటు ఒక్కటే సరిపోదు, విడిగా చదవడం నేర్పాలి.

ఇంట్లో

తల్లిదండ్రులకు చెప్పినవి తక్కువ. పదిహేను నిమిషాలు, రాత్రి అన్నం తిన్నాక, ఫోన్లూ టీవీ పక్కనపెట్టి. ప్రశ్నలు వద్దు. "ఈ కథలో నీతి ఏంటి?" అని అసలే వద్దు. సంతకం వద్దు. సంతకం పెట్టమన్న చోట వారం మొత్తానికి ఆదివారం రాత్రి ఒకేసారి గీసేస్తారు. పిల్ల చదివిందా లేదా అన్నది పక్కకు పోయి సంతకం ఉందా లేదా అన్నదే మిగులుతుంది.

అన్నిటికన్నా బాగా పనిచేసింది ఊరి నుంచి వచ్చి ఉంటున్న అవ్వలు, తాతలు. వాళ్ళకు ఇంగ్లీషు రాదు, అదే వరం. అమ్మానాన్నలు అడిగితే పిల్లకు తెలుసు, వాళ్ళకు జవాబు ముందే తెలుసని, ఇది పరీక్షని. అవ్వకు నిజంగా తెలియదు. కథ కావాలంటే పిల్లే చెప్పాలి, అదీ తెలుగులో. రాయలసీమ ఇంట్లో ఆ సంభాషణ ఇలా ఉంటుంది:

"ఆ పిల్లోడు రేతిరిపూట యాడికి పోయినాడు మళ్ళా?"

"పాత మిల్లు కాడికి అవ్వా. అక్కడ ఎవురో ఉండారని."

"వాళ్ళమ్మకు చెప్పే పోయినాడా?"

"చెప్పి... ఉండు, చూసి చెప్తా."

పిల్ల ఆరు పేజీలు వెనక్కి తిప్పి వెతుకుతుంది. ఏ వర్క్‌షీటూ చేయించలేని పని అది. ఇంగ్లీషులో చదివింది తెలుగులో చెప్పాలంటే అర్థం కాని చోట్లు వాటంతటవే బయటపడతాయి. మర్నాటికి కథ గుర్తుంటుంది. అవ్వ ఇంట్లో లేని పిల్లలు ఫోన్లో చెప్పినా సరే, ఐదు నిమిషాలు చాలు.

తెలుగు పుస్తకాలు

తెలుగు చదవడం రాని పిల్లలకు నేరుగా చాప్టర్ పుస్తకం ఇవ్వడం శిక్ష. ఇక్కడ పూర్తి పుస్తకం అంటే ఒక్క కూర్చోడంలో అయిపోయేది. 2004లో బెంగళూరులోనే మొదలైన ప్రచురణ సంస్థ ప్రథమ్ బుక్స్, 2015 నుంచి తన స్టోరీవీవర్ వెబ్‌సైటులో వందల తెలుగు బొమ్మల పుస్తకాలు ఉచితంగా పెట్టింది. ఓపెన్ లైసెన్సు ఉంది గనక ప్రింటు తీసి పంచుకోవచ్చు. నాలుగు స్థాయిలుంటాయి: మొదటిది 250 పదాల లోపు, రెండోది 600 దాకా, మూడోది 1,500 దాకా, నాలుగోది ఆపైన. నిమిషానికి 25 పదాలు చదివే పిల్ల 400 పదాల రెండో స్థాయి పుస్తకాన్ని 16 నిమిషాల్లో ముగిస్తుంది. ఇంగ్లీషులో 80 చదివే పిల్ల తెలుగులో 25 చదువుతోందని బెంగపడక్కర్లేదు. అలవాటు తక్కువ, పైగా మన మాటలే పొడుగు. "వెళ్ళిపోతున్నప్పుడు" అన్నది ఒక్క పదంగానే లెక్కలోకి వస్తుంది.

ఫోన్లో చదివించకుండా ప్రింటు తీయాలి. ఫోన్లో మూడో పేజీకే ఏదో మెసేజ్ వస్తుంది. ప్రింటరులో బుక్‌లెట్ అమరిక ఎంచుకుని రెండు వైపులా తీస్తే 16 పేజీల పుస్తకం నాలుగు ఏ4 కాగితాల్లో వస్తుంది, మధ్యకు మడిచి రెండు పిన్నులు. నలుపు తెలుపులో తీస్తే ముదురు రంగుల బొమ్మలు మసిముద్దలవుతాయి. గీతల బొమ్మలున్నవే ఎంచుకోవాలి.

కన్నడం చదవగల పిల్లలకు సగం దారి ముందే పడింది. గ, న, ర, ల చూడగానే పోల్చుకుంటారు. క, త, శ దగ్గర ఆగుతారు, ఆకారం వేరు. దీర్ఘాల దగ్గర తడబాటు ఎక్కువ. కన్నడంలో కీ, కే, కో రాయాలంటే దీర్ఘం గుర్తు అక్షరం పక్కన విడిగా కనబడుతుంది. తెలుగులో అది అక్షరం తల మీదే తిరిగిపోతుంది, కళ్ళు దాన్ని దాటేస్తాయి. "ధర్మం" లాంటి మాటల్లో కన్నడం "ర"ను చిన్న కొక్కెంలా అక్షరం తర్వాత పెడుతుంది, తెలుగు ముందే రాస్తుంది. ఈ మూడు సంగతులు ఒక కాగితం మీద పక్కపక్కన రాసి గోడకంటిస్తే వర్ణమాల మొత్తం మొదటి నుంచి దిద్దించే పని తప్పుతుంది. తర్వాత ఒక పేజీ అమ్మ, ఒక పేజీ పిల్ల.

ఏది కుదిరింది, ఏది కుదరలేదు

గోడ మీద నక్షత్రాల పట్టిక మొదటి రౌండు తర్వాత తీసేశారు. అది ఉన్నన్నాళ్ళూ పిల్లలు బుట్టలో అతి పల్చని పుస్తకం కోసం వెతికారు, మంచి పాఠకులు కూడా. ముగించినందుకు బహుమతి బదులు ఒక పని పెట్టారు: పుస్తకాన్ని తర్వాత ఎవరికివ్వాలో పిల్లే నిర్ణయించి చేతికివ్వాలి. పాత చీటీలు వెనక అట్టకు అంటించిన కవరులో ఉంటాయి. తర్వాతి పిల్ల ముందు ఆ చీటీలే చదువుతుంది, "మామ అబద్ధం" అంటే ఏమిటో తెలుసుకోవడానికి పుస్తకం తెరుస్తుంది. ఇది ఎవరూ ముందుగా అనుకోలేదు.

మూడో రౌండు నుంచి ఎక్కువమంది గడువులోపే ముగించారు, అంచులు చివరిదాకా నలిగాయి. కూడబలుక్కునే పిల్లల్లో పెద్ద మార్పు లేదు. వాళ్ళు జట్టుతో పాటు కథ విన్నారు, ఇష్టపడ్డారు, కానీ సొంతంగా చదివింది తక్కువ. తెలుగు వైపు రెండో స్థాయి దాకా హాయిగా సాగింది. మూడో స్థాయికి వెళ్ళినవాళ్ళు, ఇంట్లో ఎవరో ఒకరు రోజూ తెలుగు చదివే ఇళ్ళ పిల్లలే.

సెలవులకు వాడిన నియమం దసరాకు బాగా నిలిచింది: సెలవుల ముందు రోజు కొత్త పుస్తకం ఇవ్వకూడదు. అప్పటికే ఇరవై పేజీలు దాటిన పుస్తకమే ఇంటికి పంపాలి. యూనిట్ టెస్టు వారానికీ ఇదే. ఆ వారం కొత్త రౌండు మొదలుపెట్టిన ఒకసారి, జట్లన్నీ 14వ పేజీ దగ్గరే ఆగాయి. వచ్చే ఏడాది ఇదే బుట్ట నాలుగో తరగతికి వెళ్తుంది, 64 పేజీల వాటికి బదులు 32, 48 పేజీలవి నాలుగు చేర్చి. వాటికి రౌండు ఒక వారమే.